బస్సొస్తె చెప్పు, బిడ్డా

"ఎల్బీనగర్ బస్సొస్తె జర చెప్పు, బిడ్డా. నా మెడ తిరగదు," అన్నాడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో పక్కన నిలబడ్డ పెద్దాయన. ఆ మాట నాతో చెప్పడానికి తలుపు తిరిగినట్టు ఒళ్లంతా తిప్పాడు. సరేనండీ అన్నాను.

అంతలో ఫోన్‌లోకి నా రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. వెన్నులో కీళ్లవాతం ఉందని తేలాక, ఎముక కొత్తగా ఎంత ఏర్పడుతోందో, ఎంత కరుగుతోందో చూడాలని డాక్టరు రాసిన పరీక్ష అది. ఎముక కరుగుదల అంకె పక్కన, ఉండాల్సినదానికంటే ఎక్కువని, ఎర్ర బాణం పైకి చూస్తోంది. వెన్నుపూసలు అతుక్కుపోవచ్చని ముందే భయపెట్టారు. ఇప్పుడు ఎముక గుల్లబారుతోందా?

తలెత్తేసరికి ఎల్బీనగర్ బస్సు స్టాపు దాటి ఆగి, మేం కదిలేలోపే వెళ్లిపోయింది.

"క్షమించండి, రిపోర్టు చూస్తూ..."

తిడతాడనుకున్నాను. ఆయన మళ్లీ ఒళ్లంతా తిప్పి నన్ను చూశాడు.

"పొద్దుగాల లేస్తె నడుము కట్టె లెక్క బిగుస్తదా?"

తలూపాను.

"నాది గదే రోగం. దవాఖానకు లేటుగ పోయిన. ఏదీ, బస్సులొచ్చే మలక్‌పేట దిక్కు మెడ తిప్పి చూడు."

తిప్పాను. చివర్లో మెడ పట్టేసింది.

"పట్టేస్తోందండీ."

"ఆడిదాంక తిరిగింది గదా. రిపోర్టు డాక్టరు చూస్తడు. నువ్వు బస్సును చూడు."

తర్వాతి బస్సును దూరం నుంచే చూసి చెప్పాను.

ఇప్పటికీ స్టాపులో నిలబడితే మెడ అటూ ఇటూ తిప్పి చూస్తాను, నా బస్సు ఎదురుగా ఆగి ఉన్నా సరే.