సూర్ తీరంలో విన్న మాట

గల్ఫ్‌కొచ్చి సమాయిల్‌లో ఉద్యోగంలో చేరాక ఏడాది పైగా సముద్రం చూడలేదు. చుట్టూ కొండలు, ఖర్జూరం తోటలు, మధ్యలో మా కంపెనీ లెక్కలు. కాకినాడలో పెరిగినవాడికి ఇది శిక్షే. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు, ఈద్ సెలవులు రాగానే సంచీ సర్దేశాను. అంతకుముందు మా దగ్గర మేస్త్రీగా చేసిన జగిత్యాల మల్లేశం, సూర్ దగ్గర సముద్రంలోకి రాళ్లకట్ట వేసే సైట్‌లో ఉన్నాడు. "ఒకపారి రా సార్, చాపలు తిని పోదువు" అని పిలుస్తూనే ఉన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి బిద్‌బిద్ కూడలిలో సూర్ బస్సెక్కాను. వెళ్లేవాళ్లు నీళ్లసీసా, రొట్టెలు వెంట ఉంచుకోవాలి. ఇబ్రా దాకా దారిలో ఏమీ దొరకదు. ఇబ్రాలో బస్సు ఆగినప్పుడు పరాటా, టీ కానిచ్చాను. ఒంటిగంటకల్లా సూర్ చేరి, అక్కడి నుంచి పికప్ వ్యానులో సైట్‌కి వెళ్లాను.

క్యాంపంతా కరీంనగర్ వాళ్లే. మల్లేశం వాళ్లకి లీడర్. కంపెనీవాళ్లతో మాట్లాడాలన్నా, రూముల్లో తగువులు తీర్చాలన్నా ఆయనే. చేతులెత్తి ఎన్నుకున్నారట. "మన ఊరి సర్పంచి కంటె నాకే పని ఎక్కువ" అని నవ్వాడు. ఆ రాత్రి చేపల పులుసు మాత్రం ఎన్నటికీ మరిచిపోలేను.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే ఎవరో కేకేశారు. కట్టకి ఆనుకుని ఒక పాత లాంచి నిలిచి ఉంది. అందులో ఇరవై మందికి పైగా మనుషులు, సగం మంది ఆడవాళ్లూ పిల్లలూ. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. దాన్ని నడిపే సరంగు ముఖానికి గుడ్డ చుట్టుకుని ఇంజను దగ్గర కూర్చున్నాడు, ఎంత పిలిచినా పలకలేదు. మావాళ్ల హిందీ వాళ్లకి రాలేదు, వాళ్ల భాష మాకు రాలేదు. ముందు కూర్చున్న ముసలామె మాత్రం ఒడ్డు వైపు చెయ్యి చాపి ఒకటే మాట అంటోంది. మా అందరికీ అది "పానీ" అనే వినిపించింది. నీళ్ల ట్యాంకరు కూడా ఆ వైపే ఉంది.

అందరూ డబ్బాలు పట్టుకుని పరిగెత్తారు. లాంచిలో పీపాలు నింపారు. పిల్లలు ఆబగా తాగారు. ముసలామె కూడా తాగింది, మూతి తుడుచుకుంది, మా ముఖాల్లోకి చూస్తూ మళ్లీ అదే మాట అంది. మావాళ్లు మళ్లీ డబ్బాలెత్తారు.

అప్పుడు మొదలైంది చర్చ. "గీ పసిపోరగాండ్లను మల్ల సముద్రంల ఎట్ల తోలుతం? సెలవులైపోయేదాక మన షెడ్డుల ఉంచుదాం" అన్నాడు లింగన్న అనే వడ్రంగి. "కంపెనీకి తెలిస్తె మన వీసాలు క్యాన్సిల్ జేసి ఇంటికి తోల్తరు" అన్నాడు ఇంకొకతను. ఇద్దరి మాటా నిజమే. గొంతులు లేచాయి. చివరికి మల్లేశం చెయ్యెత్తాడు.

"ఆళ్లు అడిగింది పానీ. ఇస్తున్నం. అడగని దానికి మనమెందుకు కొట్లాడుకోవాలె?"

అంతే, చర్చ ముగిసింది. లీడరంటే ఇలా ఉండాలి అని నేను కూడా మనసులో మెచ్చుకున్నాను. నేను బయల్దేరేసరికి లాంచి ఇంకా అక్కడే ఉంది.

రెండున్నర బస్సులో నా పక్క సీటు కడప ఆయనది. ఇబ్రాలో టైలరు, పేరు మస్తాన్. కబుర్లలో లాంచి సంగతి చెప్పి, ఆ ముసలామె అన్నట్టే ఆ మాట అని చూపించాను. ఆయన నవ్వుతాడనుకున్నాను.

"అది పానీ కాదు సార్, పనా. మా ఉర్దూలోనూ ఆ మాటే" అన్నాడు. "వాళ్లు ఆఫ్ఘన్ వాళ్లయి ఉంటారు, ఆడ యుద్ధం గదా. ఆ యమ్మ మీ నీడన ఇంత చోటియ్యమని అడుగుతా ఉండాది."

డబ్బా వెనక డబ్బా అందిస్తుంటే ఆమె మా ముఖాల్లోకి ఎందుకలా చూసిందో అప్పుడు తెలిసింది. లాంచి ఇంకా ఉంటే బాగుండునని దారి పొడుగునా ప్రాణం కొట్టుకుంది. ఇబ్రాలో బస్సు ఆగగానే మస్తాన్ నన్ను టెలిఫోన్ దగ్గరికి తీసుకెళ్లాడు. సైట్ ఆఫీసుకి ఫోన్ చేసి మల్లేశాన్ని పిలిపించాను.

"లాంచి పోయింది సార్. నువ్వు పోయిన గంటకే" అన్నాడు. ఆ మాటకి అర్థం చెప్పాను.

"ఇగ గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు సార్" అన్నాడు. "పోరగాండ్లు నీళ్లు మోసి మోసి, పుణ్యం జేసినమని సంబురంగ ఉన్నరు. లింగన్నకైతే అస్సలే చెప్పకు."

కోపం తెచ్చుకుందామంటే రాలేదు, ఆయన గొంతు అలా ఉంది. మస్తాన్ దిగిపోయాడు. బస్సు కదిలింది. బిద్‌బిద్ దాకా కిటికీలోంచి కొండలే చూస్తూ కూర్చున్నాను, ఎంత బాధపడినా ఆ లాంచి వెనక్కి రాదు.

సూర్ తీరం చూడదగ్గదే. చేపలు బాగుంటాయి, గాలి బాగుంటుంది, వీలైతే వెళ్లండి. అక్కడ మనవాళ్లు ఎంతో మంచివాళ్లు. నీళ్లకి మాత్రం లోటు రానివ్వరు.