పంటు ఆలస్యమైన రోజులు

నిన్న కరెంటు పోయి కిటికీ తెరిస్తే, రాజమండ్రిలో నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న బడిలో, నా గదిలోకి పచ్చి చేపల వాసన వచ్చింది. ఆ వాసనతో నా చిన్ననాటి నరసాపురం రేవు కళ్లముందు నిలిచింది.

అక్కడి బడికి మా అమ్మ హెడ్మిస్ట్రెస్. వానాకాలమంతా తడిసిన యూనిఫాంల ముక్కవాసన, ఇంటర్వెల్లో ఉప్పూకారం అద్దిన జామముక్కలు, వరండాలో తొక్కుడుబిళ్ల గీతలు, అరుగుల మీద లేసు అల్లుకుంటూ ఆడవాళ్లు చెప్పుకునే కబుర్లు, వీటన్నిటి మధ్యా కచ్చితమైనది అమ్మ కొట్టించే గంట ఒక్కటే. ప్రార్థన మొదలైతే గేటు తీయకూడదని ఆవిడ రూలు. గోదావరి ఆ రూలు వింటుందా? ఆటువేళ నీళ్లు తగ్గి, జనాన్ని దాటించే పంటు ఇసుకలో దిగబడితే అవతలి ఒడ్డు పిల్లలకు గంట అందేది కాదు. అలా మాటిమాటికీ గేటు బయట నిలబడలేక, నా క్లాసు పిల్ల మంగ బడి మానేసి వాళ్లమ్మతో చేపలమ్మడానికి కూర్చుంది.

సంగతి తెలిసిన శనివారమే అమ్మ నన్ను వెంటబెట్టుకుని పంటెక్కింది. అవతలి చేపల బజారులో, కుచ్చెళ్లు బురదలో తడుస్తున్నా పట్టించుకోకుండా, మంగ వాళ్లమ్మ గంప ముందు నిలబడింది.

"తప్పు నాదమ్మా. పంటు సంగతి ఆలోచించకుండా గేటు వేయించాను. పిల్లని పంపించు."

"అయ్యో, అదేంటండీ! కబురంపితే నేనే వద్దును కదండీ."

"తప్పు నేను చేస్తే నువ్వు రావడమేంటి?"

బజారంతా చూస్తోంది. ఊళ్లో పెద్దమనుషులు కూడా చూడగానే లేచి నిలబడే మా అమ్మ అలా బతిమాలుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మంగ మొహం చూడలేక పీతల బుట్టలోకి చూస్తూ ఉండిపోయాను. సోమవారం మంగ బడికి వచ్చింది. ఆ తర్వాత పంటు రేవు చేరాకే మా గంట మోగేది.

ఇప్పుడు నా బడిలో గంట లేదు. మెషిన్‌కి మొహం చూపిస్తే హాజరు, ఆలస్యమైతే పిల్లని గేటు నుంచే వెనక్కి పంపి ఇంటికి మెసేజ్. నిన్నటి వాసన గేటు దగ్గర గంపతో నిలబడ్డ ఒక తల్లిది. కూతుర్ని ఎందుకు వెనక్కి పంపారని అడుగుతోంది.

"మేడంగారు బిజీ అండి, యాప్‌లో పెట్టండి," అన్నాడు వాచ్‌మన్. అలా చెప్పమన్నది నేనే.

ఆవిడ నా కిటికీ వైపు ఓసారి చూసి, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. అమ్మ గోదావరి దాటి వెళ్లింది. నేను మెట్లు కూడా దిగలేదు. కరెంటు రాగానే లేచి కిటికీ వేసేశాను.