తిరగేసి కుట్టిన లంగా

నా చిన్నప్పుడు ఒక ఏడాది ఇళ్లల్లో పరిచే నాపరాతి బండలకు గిరాకీ పడిపోయింది. తాండూరులో మా నాన్న పనిచేసే పాలిష్ మిషన్ వారానికి మూడు రోజులే తిరిగేది, కూలీ సగమైంది. మా అమ్మ కందికట్టెతో పొయ్యి వెలిగించి, పిడికెడు పప్పుతోనే అయిదుగురికీ వడ్డించేది. గిన్నెలో పప్పును వెతుక్కుంటూ తినేవాళ్లం కానీ, ఎవరమూ ఆకలితో లేవలేదు.

నా బాధ వేరే. బడికి వేసుకునే నా నీలం లంగా వెలిసిపోయి బండల దుమ్ము రంగుకు వచ్చింది. తోటి పిల్లలు నవ్వుతుంటే ఏడుపొచ్చేది. కొత్తది అడిగితే అమ్మ "వచ్చే ఏడు సూద్దాం బిడ్డా" అంది. అంత ఓపిక నాకెక్కడిది? ఒకనాడు నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో ఆ లంగాను జానెడు మేర కోసేసి, కంపకు తగిలి చిరిగిందని చెప్పాను. ఇక కొనక ఏం చేస్తారని నా ధీమా.

అమ్మ తిట్టలేదు. పెట్టెలోంచి తన నీలం చీర తీసింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ కట్టుకోవడానికి ఆమెకున్న మంచి చీర అదొక్కటే. దాన్ని కోసి నాకు లంగా కుట్టమని, బట్టలు కుట్టి బతికే పక్కింటి అక్క దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. అక్క చేతిలో కత్తెర చూడగానే నిజం చెప్పేయాలనుకున్నాను. కానీ అమ్మ కొంగు చాటుకు జరిగాను.

అక్క చీర ముట్టుకోలేదు. నా లంగా అందుకుని అటూ ఇటూ చూసింది. "చిన్నమ్మా, గా చీరె లోపల పెట్టుకో. దీంట్ల ఇంక మస్తు జీవముంది" అంది. సూదిమొనతో ఒక్కో కుట్టూ విప్పి, దారం తెగకుండా లాగి పుల్లకు చుట్టుకుంది. గుడ్డను తిరగేసి పరిచింది. నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. లోపలి వైపు, కొట్లో కొన్ననాటి నీలం అలాగే ఉంది! రెండేళ్లు నా ఒంటి మీదే ఉన్న ఆ రంగును నేను ఒక్కసారీ చూడలేదు. ఆ వైపు పైకి వచ్చేలా, అదే దారంతో మళ్లీ కుట్టింది. కోసిన చోటు కుచ్చుల మడతలోకి వెళ్లిపోయింది.

అమ్మ చీరతో ముందు నడిచాక, అక్క నన్ను ఆపి ఆ మడత తీసి చూపించింది. "కంపకు చిరిగితే అంచు గింత నున్నగ ఉండదు. గిది మనిద్దరికే ఎరుక. ఇంకోసారి గిట్ల చెయ్యకు" అంది మెల్లగా.

చాలా ఏళ్లకు, నా పెళ్లిలో అమ్మ ఆ నీలం చీరే కట్టుకుంది. అది చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తారింటికి పోతున్నందుకని అందరూ అనుకున్నారు. ఎందుకో పందిట్లో ఒక్క అక్కకే తెలుసు.

ఇప్పుడు మా ఇల్లు పింఛను మీద నడుస్తోంది. ఏ గుడ్డనైనా పారేసే ముందు తిరగేసి చూస్తాను. లోపల రంగు కనిపించినప్పుడల్లా, ఆ అక్క చేతులు గుర్తొచ్చి ఈ వయసులోనూ అబ్బురపడతాను. అమ్మకు మాత్రం ఆ బ్లేడు సంగతి చివరిదాకా చెప్పలేకపోయాను.