మొరగని కుక్కకి సర్టిఫికెట్

కరోనాకి ఊరంతా తలుపులు మూసిన ఏడాది, కుక్కల ర్యాలీ పోటీలు వీడియోల్లోకి మారాయి. నేలమీద వరసగా అట్టలు పెట్టాలి. ఒక్కో అట్ట మీద కూర్చో, తిరుగు, ఆగు అని రాసి ఉంటుంది. వాటి ప్రకారం కుక్కని నడిపించి, ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో పంపాలి. మొరిగితే మార్కులు పోతాయి. బర్మాలోని పజుండౌంగ్ పేటలో మా రెండో అంతస్తు ఇంట్లో, పాపని ఉయ్యాల్లో వేసి అదే సాధన చేసేదాన్ని.

"పిల్లకింకా మాటల్రానేదు, కుక్కకి పరీచ్చలేటే?" అనేది అత్త.

సైన్యం గద్దెనెక్కాక మా పై అంతస్తు టీచరు సమ్మెలో చేరింది. సమ్మె చేసేవాళ్లని సైనికులు ఇళ్లకొచ్చి పట్టుకుపోతున్నారు. మెట్ల మీద కొత్త అడుగు వినబడితే చాలు, మా కుక్క మొరిగేది.

"దీనికి నేనే జీతమివ్వాలమ్మా. ఇది మొరిగితే నేను డాబా మీంచి పక్కింటికి దాటేస్తాను" అని నవ్వేది ఆమె.

పోటీకి నేను పంపాల్సిన వీడియో ఇంకొక్కటి మిగిలింది. మెట్ల మీద అడుగులు వినబడినా మొరగకుండా కూర్చుంటే ఎండుచేప ముక్క పెట్టేదాన్ని. పదిరోజుల్లో నేర్చేసుకుంది. వీడియో పంపేశాక ఆ అలవాటు మాన్పించొచ్చులే అనుకున్నాను. ఆమెకి మాత్రం చెప్పలేదు.

వీడియో పంపిన మర్నాడు మధ్యాహ్నం బూట్లు మెట్లెక్కాయి. కుక్క కూర్చుని నా చేతికేసి చూసింది. పాప నా ఒళ్లో ఉంది, నేనూ నోరు మెదపలేదు. కాసేపటికి ఆమెని మా గుమ్మం ముందునుంచే దించుకుపోయారు.

నెలల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. కుక్క నిశ్శబ్దంగా ఉన్నందుకు మెచ్చుకుంటూ జడ్జి ఒక వాక్యం రాసింది. ఇప్పటికీ మెట్ల మీద ఎవరు నడిచినా అది కూర్చుని, ఎండుచేప కోసం నాకేసి చూస్తుంది.