మామ కరిగించని కాసు

మామ పోయాడని తిరుత్తణి నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను తిరువళ్ళూరు బజారులో కూరగాయలు కొంటున్నాను. "మీ మామ పోయినాడు పాపా, సీక్కిరం, తొందరగా రా" అంది. సరేనన్నాను. చిల్లర తీసుకుని బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మామ నుదుట గంధం మీద రూపాయి బిళ్ళ అతికించారు. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇది చదివే మీలో ఎవరికీ ఆయన తెలియడు. నగల పని చేసేవాడు. పాత బంగారం కరిగించే ముందు ప్రతి వస్తువునూ బట్టతో తుడిచేవాడు. ఎందుకని అడిగితే, "పోయేముందు మొగం కడగొద్దా?" అనేవాడు.

నేను కాలేజీలో ఉన్నప్పుడు, కనకమ్మ సత్రం అనే ఊరి నుంచి మగ్గం నేసే ఒకామె వచ్చింది. తరాలుగా ఇంట్లో ఉన్న బంగారు కాసును కరిగించి కూతురికి తాళిబొట్టు చేయమంది. మామ తుడిచాడు. గడ్డం, బొచ్చు టోపీ, చేతిలో రాజదండంతో ఒక దొర బొమ్మ బయటపడింది. చుట్టూ ఉన్న అక్షరాలు మామ నన్ను చదవమన్నాడు. ఇంగ్లీషు కాదు, నాకు చదవడం రాలేదు.

"ఇది కరగబెట్టేది కాదమ్మా. ఇదేందో కనుక్కుందాం."

"పెండ్లి దగ్గరికొచ్చేసింది నాయనా, యాడ ఆగేది?"

తాళి తన బంగారంతో చేసిచ్చాడు. ఆమెనూ నన్నూ వెంటబెట్టుకుని మద్రాసు వెళ్ళాడు. మ్యూజియంలో ఒక అధికారి చాలాసేపు చూసి, అది నాలుగు వందల ఏళ్ళ నాటి యూరప్‌లోని ట్రాన్సిల్వేనియా సంస్థానపు నాణెమనీ, చాలా అరుదైనదనీ చెప్పాడు. అప్పట్లో పళవేర్కాడు, అదే పులికాట్, రేవులో దొరలు మన బట్టలు కొని ఇట్లాంటి బంగారం ఇచ్చేవారట.

"అంటే మా పెద్దోళ్ళు నేసినదానికి వచ్చిన కూలా ఇది?" అని అడిగిందామె.

కావచ్చన్నాడాయన. ఆమె ఇక దాన్ని కరిగించనంది. అమ్మననీ అంది. తాళి బంగారానికి బదులుగా ఏడాదికొక చీర నేసి తెచ్చింది. నాలుగో చీరకు మామ చాలన్నాడు.

ఆమెకేమీ చెప్పకుండా కాసును తూకానికి కొనేసి ఉండొచ్చు గదా అని బజారులో నవ్వారు. "దాని వయసు తెలిసినాక తూకమెట్లా ఏసేదిరా?" అన్నాడు మామ.

ఆయన గురించి ఇంతకంటే బాగా చెప్పాలి. కానీ ఆనాటి తిరుగు రైలే కళ్ళ ముందుంది. ఆమె కాసు కట్టిన కొంగుముడి పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. మామ ఎదురుగా కూర్చుని, టికెట్టు వెనక పెన్సిలుతో ఆ దొర గడ్డాన్ని ఒక్కో వెంట్రుకా గీస్తున్నాడు. రైలు కుదిపినప్పుడల్లా పెన్సిలు పైకెత్తి, ఆగి, మళ్ళీ ఆనించేవాడు.