కక్కినా పోని మందు

మా ఉదయగిరిలో నల్లమందు తినేవాణ్ణి ఎవరూ నల్లమందు తింటాడనరు. మందు తింటాడంటారు. ఆ ముందున్న ‘నల్ల’ను మింగేసినందుకు నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

అప్పటికి నాకు పాతికేళ్లుంటాయి. కొయ్య గరిటెలు చెక్కి బతికేవాణ్ణి. కరువు ఏడాది తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కాలువ తవ్వే పనికి పోయాను. వాడు అక్కడే జ్వరమొచ్చి పోయాడు. ఇంటికొచ్చాక నాకు కన్ను మూతపడలేదు. నిద్ర కోసమని కందిగింజంత మందుతో మొదలుపెట్టి చింతగింజంతకు పెంచాను. ఇక నిద్రకేం కొదవ? గరిటె చెక్కుతూ నిద్ర, సంగటి ముద్ద నోట్లో ఉండగానే నిద్ర. ఒకనాడు ఆరునెలల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కునికితే, పిల్ల జారి చెక్కపొట్టు కుప్పలో పడింది. దెబ్బేమీ తగల్లేదు. పొట్టు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది కూడా. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

“ఇది మానిందాకా బిడ్డనిచ్చేది లేదు” అంది.

అన్నట్టే ఇవ్వలేదు. నేను చేతులు చాస్తే పిల్లను అవతలి చంకకు మార్చుకునేది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆత్మకూరులో మందు తీసేసే వైద్యుడున్నాడని ఎవరో చెప్పారు. మా అమ్మ వెంటనే బండి కట్టించి నన్ను ఎక్కించింది.

“అయ్యా, మావాడి కడుపులో మందు ఉండాది. తీసెయ్యాల” అంది వైద్యుడితో.

“ఎవురు పెట్టినారు?”

“ఎవురూ పెట్టలా. వాడే పెట్టుకున్నాడు.”

ఆయన నన్ను అదోలా చూశాడు. ఆయన పని వేరు. గిట్టనివాళ్లో, వలచినవాళ్లో అన్నంలో కలిపి పెట్టిన మందును కక్కించడం. మాకా సంగతి తెలియదు, ఆయనకు మా సంగతి తెలియదు.

“తనకు తానే మందు పెట్టుకున్నోణ్ణి నేనింతవరకు చూళ్ళా. ఎవురి మీద మనసు పడాలని పెట్టుకున్నావురా?”

“నా పెళ్లాం మీదే” అన్నాను. ఇంకేం చెప్పను?

గిద్దెడు ఆకుపసరు తాగించాడు. పొద్దున తిన్న సంగటితో పాటు చిన్నప్పుడు తాగిన ఆముదం కూడా బయటికొచ్చిందనిపించింది. ఆయన నేను కక్కిన మూకుట్లో పుల్లతో కెలికి, ఒక నల్లటి ముద్దను గుడ్డతో తుడిచి పైకెత్తి చూపించాడు.

“చూడు తల్లీ, ఇదే మందు.”

ఆ రోజు నాకు మందు పడలేదు. ముక్కు కారుతోంది, కాళ్లు పీకుతున్నాయి. నల్లగా కనబడేసరికి నా చెయ్యి నన్నడగకుండానే పోయి దాన్ని లాక్కుని నోట్లో వేసింది. తీరా చూస్తే బొగ్గుపొడి అద్దిన చింతపండు. మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఒక హకీం ఉండేవాడు. ఆత్మకూరు దాకా పోయొచ్చిన తర్వాత గానీ ఆయన గుర్తు రాలేదు. ఈసారి నల్లమందని పూర్తిగా చెప్పాను.

“ఎందుకు తింటా ఉండావు అబ్బయా?” అన్నాడు.

అంతవరకు ఎవరూ అడగని మాట అది. తమ్ముడు రానంటున్నా బలవంతంగా తీసుకుపోయింది నేనేనని చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన తొందరపెట్టలేదు.

“ఒక్కసారిగా మానితే తట్టుకోలేవు. కొంచెం కొంచెం తగ్గిద్దాం. రోజూ పొద్దున్నే రా. మందూ నేనే ఇస్తా, తమ్ముడి మాటా ఇక్కడే చెప్పుకో” అన్నాడు.

ఆయన త్రాసులో ఒకవైపు నా మందు, ఇంకోవైపు రాయికి బదులు కొయ్యముక్క. ఆ ముక్కను రోజుకొక పొర నేనే చెక్కాలి. అది ఎంత తగ్గితే మందు అంత తగ్గుతుంది. మొదట్లో కంటికి ఆననంత పలచగా గీకేవాణ్ణి. ఒకరోజు ఉలి జారి సగం ముక్క ఎగిరిపోయింది. మందు సగమయ్యేసరికి రెండు రోజులు విరేచనాలతో చెంబు చేతిలోంచి దిగలేదు. మరోసారి తెలివికి పోయి, బరువెక్కుతుందని ముక్కను నీళ్లలో నానబెట్టి పట్టుకుపోయాను.

హకీం వేళ్లతో నొక్కి చూశాడు. “ఏందబ్బయా, కొయ్యకు చెమట పడతా ఉండాది?”

నెలలు గడిచాక అది ఆవగింజంతైంది. ఒక పొద్దున హకీం తుమ్మాడు. ముక్క కాస్తా ఎగిరిపోయింది. ఇద్దరం నేల మీద బోర్లాపడి వెతికాం. దొరకలేదు.

“తూకం పోయింది. ఇంక నీకు మందూ లేదు” అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ.

నిద్ర వెంటనే రాలేదు. తమ్ముడి మీద దిగులు ఇప్పటికీ పోలేదు. అయినా చాన్నాళ్లు పొద్దున్నే వెళ్లి ఆయన దగ్గర కూర్చుని, వాడు దున్నపోతు మీద నుంచి బురదలో పడ్డ కథలాంటివి చెప్పి నవ్వించేవాణ్ణి.

అలాంటి ఒకరోజు ఇంటికొచ్చి పనిలో కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి నా చేతిలో ఉలి తీసి పక్కన పెట్టింది. పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టి, కడవ చంకనేసుకుని నీళ్లకు పోయింది. వీధి మలుపు దాకా చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.