నూరేళ్లు దాటిన ఉయ్యాల

మొన్న ఆదివారం సూరత్ పక్కనున్న డుమస్ వెళ్లి, వేడి వేడి భజియాలు తిని, సముద్రపు గాలికి కాసేపు కూర్చుందామని కొత్తగా పెట్టిన ఒక హోటల్లోకి అడుగుపెడితే, వాకిట్లోనే పాతకాలపు ఉయ్యాల బల్ల ఒకటి వేలాడుతూ కనిపించింది. పిల్లలంతా దాని మీద కూర్చుని ఫోటోలు దిగుతుంటే, నేను అలవాటు చొప్పున వంగి బల్ల అడుగున చెయ్యి పెట్టి తడిమాను. పైన గీతలూ, పురుగు తొలిచినట్టు చిల్లులూ అన్నీ ఉన్నాయి గానీ అడుగు మాత్రం మిషన్ మీద కోసిన నున్నటి పలక. పాతకాలం వడ్రంగి ఎవరికీ కనిపించని అడుగుభాగాన్ని బాడిసెతో చెక్కి వదిలేసేవాడు, ఆ గాట్లు వేలికి తగలాలి. ఇక చాలు రండి అత్తయ్యా, అందరూ చూస్తున్నారని మా కోడలు నన్ను లేవదీసింది.

తెలంగాణ నుంచి బతుకుదెరువుకు సూరత్ వచ్చిన మా తరం వాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు, మేమంతా సాంచాలు, అంటే మరమగ్గాలు నమ్ముకుని వచ్చినవాళ్లం. ఆ హోరులో ఏళ్ల తరబడి నిలబడి మా ఆయనకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదైనా దక్కాలంటే ఆ పని మానెయ్యాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను పట్టుబట్టి మాన్పించాను. సూరత్ పాత ఊళ్లో కూల్చేస్తున్న చెక్క ఇళ్ల నుంచి పెట్టెలూ కుర్చీలూ బీరువాలూ కొని అమ్మే దుకాణం తెరిచాను. మా ఆయన మరమ్మత్తు చూసుకునేవాడు, ఇంటర్ దాకా చదివిన మా మరిది విదేశాల వాళ్లతో ఇంగ్లీషు మాట్లాడేవాడు.

సూరత్‌లోని వరాఛాకు వజ్రాల పనిమీద వచ్చే విదేశీయుల్లో పాత సామాను పిచ్చి ఉన్నవాళ్లే మాకు బేరగాళ్లు. అదో వింత వ్యాపారం లెండి. వాళ్లకేమో వస్తువు ఎంత పాతదైతే అంత ముద్దు, చట్టమేమో నూరేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదంటుంది. అందుకని యాభై, అరవై ఏళ్ల సామానుతోనే మా వంటింట్లో పొయ్యి వెలిగేది.

అలాంటి రోజుల్లో ఒక గుజరాతీ ముసలావిడ, అందరూ బా అని పిలిచే పెద్దావిడ, ఇల్లు కూలుస్తూ తన ఉయ్యాల నాకమ్మింది. తన అత్తగారి అత్తగారు కొత్త పెళ్లికూతురుగా కూర్చున్నది దీని మీదేనని, బల్లను చేత్తో నిమురుతూ మరీ చెప్పింది. బెల్జియం నుంచి వచ్చే పెద్దమనిషి ఒకాయన దాన్ని చూసి చుట్టూ తిరిగి, అక్కడే చతికిలబడ్డాడు. అది ఆయనకు అమ్మితే దుకాణం నిలబడ్డట్టే, మా ఆయన మళ్లీ సాంచాల మొహం చూడక్కర్లేదు. మా మరిది నన్ను పక్కకు లాగి, "గా బా జెప్పింది ఇంకెవలన్న ఇన్నరా వదినా? రెండు కొత్త పట్టీలు కొట్టి, అరవై ఏండ్లదని చెప్పి పంపుదాం. నువ్వు జర ఊకో" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతమంది కోడళ్లు కూర్చుని లేచిన ఏళ్లను చెరిపెయ్యడానికి నేనెవరిని? ఒకసారి అబద్ధమాడితే ఆ తర్వాత నేను నిజం చెప్పినా నమ్మేదెవరు? ఇది నూరేళ్లు దాటింది, అమ్మనని ఇంగ్లీషులో చెప్పమంటే మరిది దుకాణం వెనక్కి వెళ్లిపోయాడు. సరేనని నేనే ఆ పెద్దమనిషి ముందుకెళ్లి, "ఓల్డ్. హండ్రెడ్. నో సేల్" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అంతే. ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

మూలన రంపం పట్టుకుని కూర్చున్న మా ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం తాళం వేస్తుంటే, "దుకాణం మాత్రం మూయకు. సాంచాలు నేను నడుపుత. నాకు చాతనైతది" అన్నాడు. వద్దని ఎంత ఏడ్చినా వినలేదు, మొండితనంలో నాకేమీ తీసిపోడు. ఆయన జీతంతో ఇల్లు గడిచింది, నేను ఒక్కో పెట్టే, ఒక్కో కుర్చీ నిజం చెప్పి అమ్ముకుంటూ దుకాణం నిలబెట్టాను. ఆయన మళ్లీ పని మానేసేనాటికి ఆ రెండో చెవి కూడా పోయింది. చేసింది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను, కానీ దాని ఖరీదు ఆయన కట్టాడన్న బాధ నన్ను వదలదు.

ఇప్పుడు పాత ఊళ్లో కూల్చడానికి చెక్క ఇళ్లే సరిగ్గా మిగల్లేదు. పాతదనాన్ని షెడ్లలో తయారుచేస్తున్నారు, నిజానికి కొత్తదే కనుక అడ్డేమీ లేకుండా ఓడలెక్కి పోతోంది, అడుగు తడిమి చూసేవాళ్లు లేరు. బా అమ్మిన ఆ ఉయ్యాలను అప్పట్లో ఊళ్లో వాళ్లు సోఫాల మోజులో వద్దన్నారు, తర్వాత అడిగినవాళ్లకు నేనివ్వలేదు. మా హాలు సగం అదే ఆక్రమించింది. సాయంత్రమయితే మా ఆయన దానిమీద కూర్చుని ఊగుతాడు, ఇత్తడి గొలుసులు ఇల్లంతా కిర్రుమంటాయి. కాస్త నూనె వెయ్యండి మామయ్యా, చెవులు చిల్లులు పడుతున్నాయని కోడలు వంటింట్లోంచి కేకేస్తుంది. నా మొహంలో నవ్వు చూసి ఆయన, "ఏందే, ఏమన్న అంటుందా కోడలు?" అని అడుగుతూ ఊగుతూనే ఉంటాడు.